78 కమారో 350 ఇంజన్: ఏ హెడ్లు వేయాలి, కంప్రెషన్ ఎంత పెట్టాలి?

డాలస్_కమారో

అందరికీ నమస్కారం. డాలస్ పక్క ఫ్రిస్కోలో ఉంటాను. నా దగ్గర 1978 కమారో ఉంది. 350 ఘనపుటంగుళాల ఇంజన్, నాలుగు బ్యారెళ్ల కార్బ్యురేటర్, టర్బో 350 ఆటోమేటిక్ గేర్‌బాక్స్, ఫ్యాక్టరీ టార్క్ కన్వర్టర్, వెనక గేరు 3.08. ఆయిల్ తాగేస్తోందని ఇంజన్ దించి మెషిన్ షాపులో ఇచ్చాను. బోరు (సిలిండర్ వ్యాసం) 30 థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ) పెంచాలన్నారు, సరేనన్నాను. పాత హెడ్ల (సిలిండర్ల మీద బిగించే మూతలు) మీద 882 అని పోత నంబరు ఉంది. అందులో ఒకదానికి మధ్య రెండు ఎగ్జాస్ట్ వాల్వుల దగ్గర పగులు కనబడింది. అంటే హెడ్లు ఎలాగూ మార్చాలి.

ఇప్పుడు నా ముందు మూడు దారులున్నాయి.

పగుళ్లు లేని పాత 76 సీసీ (పెట్రోలు మండే చాంబర్ సైజు) హెడ్లే ఇంకో జత వెతికి వేయడం ఒకటి. పాత ట్రక్కుల నుంచి వచ్చే వోర్టెక్ ఇనుప హెడ్లు (64 సీసీ) ఇంకొకటి. మూడోది కొత్త అల్యూమినియం హెడ్లు, ఏఎఫ్ఆర్ 195 లాంటివి. అవి 65 సీసీలోనూ 75 సీసీలోనూ దొరుకుతున్నాయి.

పిస్టన్లు ఇంకా ఆర్డర్ చేయలేదు. మెషిన్ షాపాయన ఫ్లాట్ టాప్ (పైభాగం చదునుగా ఉన్నవి) వేసుకోమంటున్నాడు. ఆదివారం కార్ల మీట్‌లో ఒకాయన "11 కంటే తక్కువ కంప్రెషన్ పెడితే ఇంజన్ కట్టడమే దండగ" అన్నాడు (సిలిండర్‌లో మిశ్రమం ఎన్ని రెట్లు కుదించుకుంటుందో ఆ నిష్పత్తి). అప్పటి నుంచి టెన్షన్. ఇక్కడ బంకుల్లో 93 ఆక్టేన్ దొరుకుతుంది. క్యామ్ (వాల్వులను తెరిచి మూసే కడ్డీ) కార్డు మీద ఇన్‌టేక్ వాల్వు బీడీసీ (పిస్టన్ అట్టడుగున ఉండే చోటు) దాటాక 60 డిగ్రీలకు మూసుకుంటుందని ఉంది.

రేసులకు వెళ్లను. వారాంతంలో తిరగాలి, సిగ్నల్ దగ్గర కాలు వేస్తే కదలాలి. మా ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే: ఆగస్టులో ఏసీ ఆపమని అడక్కూడదు.

హ్యూస్టన్_రేసర్

బ్రో, ఆలోచించకు. డోమ్ (పైభాగం ఉబ్బెత్తుగా ఉన్న) పిస్టన్లు, 11 కంప్రెషన్, ఈ85 (85 శాతం దాకా ఇథనాల్ కలిపిన ఇంధనం) పోయి. మీ వైపు ఈ85 బంకులు ఉన్నాయి కదా. నాకింగ్ (మిశ్రమం తనంతట తానే పేలి టకటకమనడం) సమస్యే రాదు. నా చెవీ నోవా కారుకి అదే పోస్తున్నాను, బుల్లెట్ లాగా పోతుంది.

డైనో_గది

తమ్ముడూ, నేను మిషిగన్‌లో ఇంజన్ క్యాలిబ్రేషన్ పని చేస్తాను. ఇంట్లో గరాజ్ నిండా చెవీ చిన్న బ్లాకు ఇంజన్లే, పార్కింగ్ మాత్రం వాకిట్లో. ఇది కొంచెం పొడుగు జవాబు, ఓపిక పట్టు.

ముందు ఆ 11 సంగతి తేల్చేద్దాం. ఆ అంకె గాలిలోంచి ఊడిపడలేదు. 1970 కమారో జెడ్28లో వచ్చిన ఎల్‌టీ-1 ఇంజన్‌ కూడా 350యే. దానికి 11 కంప్రెషన్, 360 హార్స్‌పవర్ అని రాసేవాళ్లు. అప్పుడు బంకులో దొరికింది సీసం కలిపిన ప్రీమియం పెట్రోలు, పైగా దానికి పెద్ద క్యామ్. 1971 మోడల్ నాటికి జనరల్ మోటార్స్ తన ఇంజన్లన్నిటికీ కంప్రెషన్ తగ్గించేసింది, తక్కువ ఆక్టేన్ పెట్రోలుతో నడవాలని. అదే ఎల్‌టీ-1 ఒక్క ఏడాదిలో 9కి దిగింది. నీ 78 ఇంజన్ ఇంకా కిందికి దిగిన కాలంలో పుట్టింది. మీట్‌లో కలిసినాయన చెప్పింది 1970 నాటి పెట్రోలుకు వర్తిస్తుంది.

సరే, కంప్రెషన్ పెంచితే ఎంత వస్తుంది? పుస్తకంలో ఉండే ఆదర్శ ఆటో సైకిల్ లెక్క తీసుకో. 8.5 దగ్గర సామర్థ్యం 57.5 శాతం. 10 దగ్గర 60.2. 11 దగ్గర 61.7. నిజం ఇంజన్లో ఇందులో సగం అటూ ఇటూ మాత్రమే వస్తుంది గానీ, నిష్పత్తి దాదాపు ఇలాగే ఉంటుంది. అంటే 8.5 నుంచి 10కి పోతే ఐదు శాతం లోపు లాభం. 10 నుంచి 11కి పోతే రెండున్నర శాతం. 300 హార్స్‌పవర్ ఇంజన్ మీద ఏడో ఎనిమిదో గుర్రాలు. ఆ ఎనిమిది గుర్రాల కోసం ఎండాకాలం మొత్తం టైమింగ్ (ప్లగ్గు నిప్పు వేసే సమయం) వెనక్కి తీసుకుని నడిపితే, వచ్చినవి పోగా చేతినుంచి ఇంకో పదిహేను పోతాయి.

హెడ్ల సంగతి వేరు. నీ 882 హెడ్ల ఇన్‌టేక్ పోర్టు బెంచ్ మీద 200 సీఎఫ్ఎం (నిమిషానికి అన్ని ఘనపుటడుగుల గాలి) అటూ ఇటూ లాగుతుంది. వోర్టెక్ అరంగుళం లిఫ్ట్ (వాల్వు తెరుచుకునే ఎత్తు) దగ్గర 240కి కాస్త ఇటుగా ఇస్తుంది. ఏఎఫ్ఆర్ 195 అయితే ఇంకాస్త లిఫ్ట్ మీద 280 దగ్గరికి పోతుంది. గాలి ఎక్కువ వెళ్లేది ఇక్కడ. అందుకే నా దగ్గరికి ఎవరు ఈ ప్రశ్నతో వచ్చినా ముందు హెడ్లు, గేరు, క్యామ్ తేల్చుకోమంటాను. కంప్రెషన్ అంకె వాటికి తగ్గట్టు చివర్లో వచ్చి కూర్చుంటుంది.

హ్యూస్టన్ తమ్ముడు చెప్పిన ఈ85 తప్పేమీ కాదు, నాకింగ్‌కి అది మంచి మందే. కానీ పెట్రోలు కంటే ముప్పై శాతం పైనే ఎక్కువ కావాలి. జెట్లు మార్చాలి, పంపు, గొట్టాలు, సీళ్లు తట్టుకోవాలి. పైగా బంకులో ఈ85 అని రాసి ఉన్నా ఇథనాల్ శాతం సీజన్‌ను బట్టి మారుతూ ఉంటుంది, కార్బ్యురేటర్‌కు ఆ సంగతి తెలియదు. ఫ్యామిలీని ఎక్కించుకుని ఆస్టిన్ దాకా వెళ్లే బండికి నేనైతే పెట్టను.

ఇప్పుడు నీ లెక్క వేద్దాం. 4.030 బోరు, 3.48 స్ట్రోక్. ఒక్కో సిలిండర్‌లో పిస్టన్ ఊడ్చే జాగా 727 సీసీ. పైన మిగిలే జాగాలో నాలుగు ముక్కలుంటాయి: హెడ్ చాంబర్, పిస్టన్ మీద వాల్వు గాట్లు, గ్యాస్కెట్ మందం, పిస్టన్ టీడీసీలో (అన్నిటికంటే పైన) ఉన్నప్పుడు డెక్ (బ్లాకు పైభాగం) కంటే ఎంత కిందికి ఆగుతుందో ఆ ఖాళీ. ఫ్యాక్టరీ బ్లాకుల్లో ఈ చివరిది 25 థౌ దాకా ఉండటం మామూలే. అంటే 5.2 సీసీ. మామూలు 41 థౌ గ్యాస్కెట్‌ది 9.1. ఫ్లాట్ టాప్ గాట్లు 6 అనుకుందాం.

వోర్టెక్ 64 సీసీతో మొత్తం 84.3. కంప్రెషన్ 9.6. చూడ్డానికి బాగుంది. కానీ ఇక్కడే చాలామంది ఆగిపోతారు. పిస్టన్ 25 థౌ కింద, గ్యాస్కెట్ 41 థౌ, కలిపితే హెడ్ చదును భాగానికీ పిస్టన్‌కీ మధ్య 66 థౌ ఖాళీ. దీన్నే క్వెంచ్ అంటాం. అది 40 థౌ దగ్గర ఉంటే పిస్టన్ పైకొచ్చే చివరి క్షణంలో అక్కడి గాలి, పెట్రోలు చాంబర్‌లోకి చిమ్ముకుంటూ వెళ్లి సుడి తిరుగుతాయి, మంట త్వరగా పాకుతుంది. ఈ కిటుకును మొదటి ప్రపంచ యుద్ధం అయిన వెంటనే ఇంగ్లండ్‌లో హ్యారీ రికార్డో పక్క వాల్వుల ఇంజన్ల మీద పట్టుకున్నాడు. 66 థౌ అంటే ఆ చిమ్మడం దాదాపు ఉండదు, పైగా ఆ మూలలో చిక్కుకున్న మిశ్రమం చివర్లో తనంతట తానే పేలుతుంది. అందుకే వదులు క్వెంచ్‌తో 9.6 పెట్టిన ఇంజన్, బిగువు క్వెంచ్‌తో 10 పెట్టిన ఇంజన్ కంటే ముందే నాక్ అవ్వడం నేను డైనో (ఇంజన్ శక్తి కొలిచే యంత్రం) మీద చూశాను. నాక్ సెన్సర్ సిగ్నల్‌ను హెడ్‌ఫోన్స్‌లో పెట్టుకుని వింటే, స్టీలు పళ్లెంలో మినుములు పోసినట్టు ఉంటుంది. మొదట ఒకటి రెండు గింజలు, ఇంకో రెండు డిగ్రీలు టైమింగ్ ఇస్తే గుప్పెడు.

మరి బ్లాకు పైభాగం చెక్కించి పిస్టన్‌ను డెక్‌తో సమానం చేస్తే? క్వెంచ్ 41 థౌ, అది బంగారం. కంప్రెషన్ మాత్రం 10.2కి ఎక్కుతుంది.

10.2 ఎక్కువా తక్కువా అన్నది క్యామ్ చెప్పాలి. పిస్టన్ పైకి రావడం మొదలుపెట్టినా ఇన్‌టేక్ వాల్వు ఇంకా తెరిచే ఉంటుంది. అది మూసుకున్నాకే అసలు నొక్కుడు. నీ కార్డు ప్రకారం 60 డిగ్రీలకు మూసుకుంటుంది కాబట్టి, 5.7 అంగుళాల రాడ్డుతో లెక్క వేస్తే 3.48 స్ట్రోక్‌లో నికరంగా మిగిలేది 2.81. దాన్నిబట్టి డైనమిక్ కంప్రెషన్: 9.6 పెట్టినప్పుడు 8.0, 10.2 పెట్టినప్పుడు 8.4. బంకు ప్రీమియంతో ఇనుప హెడ్లకు 8 దగ్గర ఆగమనేది మా పనిలో పాత లెక్క. అల్యూమినియం వేడిని త్వరగా లాగేస్తుంది కాబట్టి 8.3, 8.5 దాకా ఓర్చుకుంటుంది.

ఇంకో పెద్ద క్యామ్ వేసి, వాల్వు 68 డిగ్రీలకు మూసుకునేలా చేస్తే 10.2 కూడా 7.9కి దిగుతుంది. కొందరు అదే చెబుతారు. కానీ నీది 3.08 గేరు, ఫ్యాక్టరీ కన్వర్టర్. ఆ క్యామ్ మెలకువలోకి వచ్చేసరికి సిగ్నల్ దగ్గర పక్క లేన్‌లో మినీవ్యాన్ వెళ్లిపోయి ఉంటుంది. క్యామ్ మార్చకు.

కాబట్టి నేను కట్టే పద్ధతులు రెండు.

వోర్టెక్ అయితే: బ్లాకు డెక్ సమానం చేయించు, ఫ్లాట్ టాప్ బదులు ఇంగ్లిష్ డి ఆకారంలో గుంట ఉన్న 12 సీసీ పిస్టన్లు కొను. గుంట చాంబర్ కింద పడుతుంది, చదును భాగం హెడ్ చదును కింద పడుతుంది, క్వెంచ్ పోదు. మొత్తం 85.1 సీసీ, కంప్రెషన్ 9.55, డైనమిక్ 7.9. మామూలు గుండ్రటి గుంట పిస్టన్లు అంటగడితే తీసుకోకు. కంప్రెషన్ అంకె అదే వస్తుంది, క్వెంచ్ పోతుంది.

అల్యూమినియం అయితే: అదే డెక్, ఫ్లాట్ టాప్ పిస్టన్లు, 65 సీసీ చాంబర్. 10.1, డైనమిక్ 8.3. 75 సీసీ చాంబర్ తీసుకుంటే 9.1కి పడిపోతుంది, డబ్బు పెట్టి అల్యూమినియం కొని ఆ లాభం వదులుకోవడం ఎందుకు?

ఈ రెంటిలో నీ వాడకానికి వోర్టెక్ చాలు అంటాను. పోర్టు (లోపలికి గాలి వెళ్లే దారి) సైజు 170 సీసీ దగ్గర ఉంటుంది, కింద ఆర్‌పీఎంలో గాలి వేగం బాగుంటుంది, 5500 దాకా బాగా లాగుతుంది. నీ గేరుతో అంతకు మించి తిప్పే సందర్భం ఎంత? బరువు ముందు నుంచి తగ్గాలనో, రేపు గేరు మార్చి పెద్ద క్యామ్ వేస్తాననో ఉంటే 195 సీసీ పోర్టున్న ఏఎఫ్ఆర్ తీసుకో. 220 సీసీ పోర్టులు మాత్రం ఎవరు ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.

76 సీసీ పాత హెడ్ల మాట మర్చిపో. ఫ్లాట్ టాప్‌తో కూడా 8.5 దగ్గరే ఆగుతాయి, మళ్లీ అక్కడే పగులుతాయి.

లేత్_వర్క్స్_శాక్రమెంటో

డైనో అన్న లెక్కతో గొడవ లేదు. వోర్టెక్ చవక అని దిగేవాళ్లకు బిల్లు తర్వాత వస్తుంది, అది చెబుదామని.

1996 నుంచి వచ్చిన ట్రక్కుల 350 మీదవి ఇవి. పోత నంబరు చివర 906 గానీ 062 గానీ ఉంటుంది. నీ పాత ఇన్‌టేక్ మానిఫోల్డ్ వీటికి కూర్చోదు, ఎనిమిది బోల్టులు వేరే కోణంలో ఉంటాయి. వాల్వు కవర్లు మధ్యలో బోల్టులు బిగించే రకం కావాలి, నీ 78వి అంచు బోల్టులవి. రాకర్లు (వాల్వులను నొక్కే చేతులు) కూడా మార్చాలి, ఇవి వాల్వును తామే నిలబెట్టుకునే రకం. అన్నిటికంటే ముఖ్యం లిఫ్ట్. ఫ్యాక్టరీ స్ప్రింగులు, గైడ్లతో 0.470 అంగుళం దాటితే రిటైనర్ (స్ప్రింగు మీది టోపీ) వెళ్లి గైడ్‌ను (వాల్వు కాడ జారే గొట్టం) కొడుతుంది. నీ క్యామ్ లిఫ్ట్ ఎంతో రాయలేదు, చూసుకో. ఎక్కువ ఉంటే గైడ్లు చెక్కించాలి, స్ప్రింగులు మార్చాలి.

కొనేముందు పగులు పరీక్ష చేయించకుండా డబ్బు ఇవ్వకండి. వీటికీ ఎగ్జాస్ట్ సీటు దగ్గర పగిలే జబ్బు ఉంది. ఇవన్నీ కలిపాక అల్యూమినియం ధరతో తేడా ఎంత మిగిలిందో కాగితం మీద వేసి చూడండి.

మా కాలిఫోర్నియాలో 91 మించి మామూలు బంకులో దొరకదు. ఇక్కడి కస్టమర్లకు నేను ఇనుముతో 9.3 దగ్గర ఆపుతాను.

జిప్సీ_హైదరాబాద్

అన్నలూ, మధ్యలో దూరుతున్నాను. నాది జిప్సీ కింగ్, 1.3 పదహారు వాల్వుల ఇంజన్. మీరు 91 తక్కువ అంటున్నారు. మా బంకులో చాలాకాలం మామూలు పెట్రోలే 91 కదా, మరి మేము ఎలా నడిపాం? హెడ్ చెక్కించి కంప్రెషన్ పెంచుదామనుకుంటున్నాను.

డైనో_గది

రెండు 91లు ఒకటి కాదు బాబూ. ఇండియాలో రాసేది ఆర్‌ఓఎన్ (రీసెర్చ్ పద్ధతిలో కొలిచిన ఆక్టేన్). అమెరికా బంకు మీద రాసేది ఆర్‌ఓఎన్, ఎంఓఎన్ (మోటార్ పద్ధతిలో కొలిచింది) రెండింటి సగటు. ఇక్కడి 93 మీ కొలతలో 98 దగ్గర పడుతుంది. మీ పాత మామూలు 91 ఇక్కడి 87 లాంటిది. హెడ్ చెక్కిస్తే 95 గానీ, ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబర్‌లో దింపిన 100 ఆక్టేన్ పెట్రోలు ఎక్స్‌పీ100 గానీ ఎప్పుడూ దొరికే ఊళ్లోనే తిరగాలి. జిప్సీ వేసుకుని అరకు వైపు వెళ్లి అక్కడ దొరికిందేదో పోయించుకునే అలవాటుంటే చెక్కించకు. ఆ ఇంజన్‌కి ముందు ఎగ్జాస్ట్, వాల్వు సీట్ల పని చేయించు.

డాలస్_కమారో

అందరికీ థాంక్స్. డైనో అన్నా, మీ మొదటి పద్ధతికే వెళ్తున్నాను. క్యామ్ లిఫ్ట్ 0.450 లోపే ఉంది కాబట్టి గైడ్ల బాధ లేదు. 062 జత దొరికింది, పరీక్షలో పగుళ్లు లేవు. డి గుంట పిస్టన్లు ఆర్డర్ చేశాను, బ్లాకు డెక్ చెక్కడానికి ఒప్పుకున్నారు.

ఒక సందేహం. చాంబర్ 64 అని అందరూ అంటారు కదా, మెషిన్ షాపాయన వాల్వు సీట్లు కొత్తగా కోశాక కొలిచి 66 అన్నాడు. హెడ్ చెక్కి 64కి తెద్దామా అంటున్నాడు. ఈ కొలత నేనే ఇంట్లో ఒకసారి చూసుకోవచ్చా?

డైనో_గది

చూసుకోవచ్చు, చూసుకోవాలి కూడా. హెడ్‌ను తలకిందులుగా పెట్టు, ఒక పక్క కొంచెం ఎత్తుగా. వాల్వులు, స్పార్క్ ప్లగ్ బిగించి ఉండాలి, ప్లగ్ నువ్వు వాడబోయేదే అయ్యుండాలి. మందపాటి యాక్రిలిక్ పలక ఒకటి తీసుకుని అంచుకు దగ్గరగా చిన్న రంధ్రం వేయి. చాంబర్ చుట్టూ వాసెలిన్ పలచగా రాసి పలక అదుము, రంధ్రం ఎత్తు పక్కకు రావాలి. 100 సీసీ బ్యూరెట్‌లో రుద్దే ఆల్కహాల్ పోసి రెండు చుక్కలు ఫుడ్ కలర్ కలుపు. సున్నా గీత దగ్గర మొదలుపెట్టి మెల్లగా వదులు. చివర్లో పలక కింద గాలి బుడగ ఒకటి మిగులుతుంది, హెడ్‌ను కొంచెం కదిలిస్తే రంధ్రంలోంచి బయటికి పోతుంది. అది పోయాకే అంకె చదువు. వాసెలిన్ మందంగా రాస్తే అది లోపలికి ఉబ్బి సీసీ తక్కువ చూపిస్తుంది. ఎనిమిది చాంబర్లూ కొలువు. ఒకదానికీ ఇంకోదానికీ ఒక సీసీ లోపు తేడా అయితే పట్టించుకోకు.

డెక్ ఎత్తు కూడా చెక్కించిన తర్వాత నువ్వే డయల్ గేజ్‌తో చూడు. గేజ్‌ను పిస్టన్ పిన్ను ఉన్న వరుసలోనే ఆనించు. అంచున ఆనిస్తే పిస్టన్ ఊగి కొన్ని థౌలు తప్పు చెబుతుంది.

66 వస్తే వదిలెయ్. 66, 9.1, 12 కలిపితే 87.1, కంప్రెషన్ 9.35. పోయింది 0.2 మాత్రమే, అది నీకు సీట్లో తెలియదు. పైగా ఆగస్టు ఎండలో ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో నిలబడే బండికి ఆ 0.2 చేతిలో ఉండటమే మంచిది. సీసీకి ఆరేడు థౌ చెక్కాలి, రెండు సీసీలకు 13 థౌ దాకా. అంత చెక్కితే ఇన్‌టేక్ మానిఫోల్డ్ కూర్చునే చోటు కూడా సర్దాల్సి వస్తుంది. పనికి పని, ఖర్చుకి ఖర్చు.

ఒక్కటి గుర్తుపెట్టుకో. పాత హెడ్లకు టోటల్ టైమింగ్ 36, 38 డిగ్రీలు ఇచ్చే అలవాటు మీ మెకానిక్‌కు ఉంటుంది. వోర్టెక్ చాంబర్ త్వరగా కాలుస్తుంది, దీనికి అంత అక్కర్లేదు. వ్యాక్యూమ్ గొట్టం పీకి, చివర మూసి, 32 దగ్గర మొదలుపెట్టు. మొత్తం అడ్వాన్స్ 2800 ఆర్‌పీఎంకి వచ్చేసేలా డిస్ట్రిబ్యూటర్ స్ప్రింగులు సర్దు. తర్వాత ఒక్కో డిగ్రీ పెంచి చూసుకో, 34 దాటి లాభం కనిపించకపోతే అక్కడే ఆపు. బండి రోడ్డెక్కాక మొదటి ట్యాంకు అయ్యేసరికి ఎనిమిది ప్లగ్గులూ తీసి పింగాణీ మీద మిరియాల పొడి లాంటి నల్ల చుక్కలు గానీ మెరిసే చుక్కలు గానీ ఉన్నాయేమో భూతద్దంతో చూడు. ఉంటే రెండు డిగ్రీలు వెనక్కి తీసి, ఫోటోలు ఇక్కడ పెట్టు.